వీధివాసులు కలిసి తమ వీధిని పచ్చగా నిలుపుకోవడం ఎలా?

నగరంలో ఏ పేటకు వెళ్లినా ఈ దృశ్యం కనబడుతుంది. రోడ్డు పక్కన ఇనుప కంచె నిటారుగా ఉంటుంది, దాని లోపల మొక్క ఉండదు. కాస్త ముందుకు వెళితే పక్కపక్కనే రెండు చెత్తడబ్బాలుంటాయి. ఒకదాని మీద తడి అని, రెండోదాని మీద పొడి అని రాసి ఉంటుంది. మూత తీస్తే రెండింట్లోనూ ఒకటే చెత్త. ఎప్పుడో ఒక ఆదివారం ఉదయం చాలామంది మనస్ఫూర్తిగా చెమటోడ్చిన పనికి మిగిలిన ఆనవాళ్లవి. వాళ్ల చిత్తశుద్ధికి లోటేమీ లేదు. సోమవారం నీళ్లు ఎవరు పోస్తారన్నది మాత్రం ఎవరూ రాసుకోలేదు.

పదిమంది చేతిలో పాము చావదంటారు. అందరి పనీ అనుకున్నది చివరికి ఎవరి పనీ కాకుండా పోతుంది. చెత్త, నీరు, చెట్టు, కరెంటు, వీటిలో దేన్ని బాగుచేయడానికీ గొప్ప శాస్త్రజ్ఞానం అక్కర్లేదు. ప్రతి పనికీ ఎదురుగా ఒక మనిషి పేరు, ఒక రోజు రాసి ఉండాలి. కింద చెప్పే అడుగులన్నిటినీ ఆ దృష్టితోనే చదవండి.

మొదటి అడుగు: నాలుగైదు ఇళ్లు చాలు

వీధిలో అందరూ ఒప్పుకున్నాక చేద్దామనుకుంటే ఆ రోజు రాదు. నాలుగైదు ఇళ్లవాళ్లు దొరికితే మొదలుపెట్టండి. వాళ్లను ఫోను సందేశాలతో పోగుచేయకండి. తలుపు తట్టి, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. 'మన వీధిలో మిమ్మల్ని బాగా ఇబ్బంది పెడుతున్నది ఏమిటి?' అని అడిగి, చెప్పింది రాసుకోండి. మీ ఆలోచన చెప్పడానికి తొందరపడకండి. ఒకరికి మురుగు వాసన, ఇంకొకరికి పిల్లలు ఆడుకునే చోటు లేకపోవడం, మరొకరికి వేసవిలో ఉడికిపోయే పై అంతస్తు. ఆ బాధల జాబితాలోనే మీ పని దాగి ఉంటుంది. పర్యావరణం కోసం కదలని మనిషి కూడా తన గుమ్మం ముందు దోమలు పోతాయంటే కదులుతాడు. అందులో తప్పేమీ లేదు.

తర్వాత వీధంతా కలిసి నడవండి. ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి మిట్టమధ్యాహ్నం, ఒకసారి వాన కురుస్తుండగా. తెల్లవారుజామున చెత్త ఎక్కడ పోగవుతుందో, ఏ ట్యాంకు పొంగిపొర్లుతుందో తెలుస్తుంది. మధ్యాహ్నం నీడ ఎక్కడ లేదో తెలుస్తుంది. వానలో నడిస్తే నీళ్లు ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో కళ్లారా చూస్తారు. వాననడకను మాత్రం ఎవరూ మానకండి. దానివల్ల తెలిసేది ఏ పటంలోనూ ఉండదు.

ఎవరిని పిలవాలన్నది చాలా పెద్ద విషయం. సొంత ఇళ్లవాళ్లు మాత్రమే కూర్చుని చేసే తీర్మానాలు తొందరగా కూలిపోతాయి. అద్దెకుండేవాళ్లు, వాచ్‌మన్, ఇళ్లలో పనిచేసేవాళ్లు, చెత్త ఎత్తే కార్మికులు, చిన్న దుకాణాలవాళ్లు, వీళ్లందరి చేతుల మీదుగానే వీధి రోజూ నడుస్తుంది. చెత్త వేరుచేయమని నియమం పెట్టేటప్పుడు ఆ చెత్తను చేతితో తాకే మనిషి ఆ గదిలో లేకపోతే అది సగం నియమమే. రోజుకూలీ మీద బతికేవాళ్లను ఉచితంగా శ్రమించమనడం కూడా న్యాయం కాదు. బ్రెజిల్‌లోని కురిచీబా నగరం ఈ సంగతి గుర్తించింది. అక్కడ 1991లో మొదలైన పథకం కింద పేదపేటల వాళ్లు 4 కిలోల పొడి చెత్త తెచ్చిస్తే కిలో కూరగాయలు, పండ్లు ఇచ్చేవారు. శ్రమకు చేతికందే ప్రతిఫలం ఉంటే జనం దాన్ని మర్యాదగా భావిస్తారు. మీ వీధిలో పొడి చెత్త అమ్మగా వచ్చిన డబ్బు వేరుచేసినవారికే చెందాలని మొదటి రోజే రాసుకోండి.

రెండో అడుగు: ఒక వారం కొలవండి

కొలవకుండా మొదలుపెడితే మూడు నెలల తర్వాత ఏం సాధించామో చెప్పలేరు. చెప్పలేకపోతే కొత్తవాళ్లు చేరరు. కొలతలకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు.

చెత్తకు: చేతిలో పట్టుకునే చిన్న కాటా, ఒక పాత పట్టా, చేతి తొడుగులు. పదిళ్ల చెత్తను ఏడు రోజులు విడివిడిగా తూచండి. పట్టా మీద పరిచి తడి, కాగితం, ప్లాస్టిక్, గాజు, మిగతాది అని కుప్పలు పెట్టండి. ప్రపంచ బ్యాంకు 2018లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలోని మున్సిపల్ చెత్తలో దాదాపు 44 శాతం ఆహార వ్యర్థాలు, ఆకులు అలములే. మీ వీధిలో అది ఎంతో మీరే చూసుకోండి. ఎవరి ఇంటి చెత్త ఎంతో బయటపెట్టకండి, మొత్తం మాత్రం చెప్పండి. సిగ్గుపడ్డ ఇల్లు మళ్లీ సమావేశానికి రాదు.

నీటికి: మీటరు ఉంటే అందరూ నిద్రపోయే వేళ, ట్యాంకు నిండి ఉన్నప్పుడు, రెండు గంటల తేడాతో రెండుసార్లు చూడండి. ఎవరూ వాడకపోయినా అంకె కదిలితే ఎక్కడో కారుతోందన్నమాట. మీటరు లేకపోతే ట్యాంకు లోపలి గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, తెల్లవారి చూడండి. కారే కుళాయి కింద పది నిమిషాలు గ్లాసు పెట్టి, వచ్చిన నీటిని 144తో గుణిస్తే రోజంతా పోయేదెంతో తెలుస్తుంది. సెకనుకు ఒక్క చుక్క చొప్పున కారినా పది నిమిషాలకు సుమారు 150 మిల్లీలీటర్లు పడతాయి. అంటే రోజుకు 20 లీటర్ల పైమాటే. మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులో కాస్త వంటరంగు వేసి, పావుగంట ఫ్లష్ చేయకుండా చూడండి. కిందికి రంగు దిగితే లోపలి వాషర్ పోయినట్టే. శబ్దం చేయకుండా నీళ్లు మింగే దొంగ అదే.

కరెంటుకు: ఉమ్మడి మీటరు బిల్లులు పన్నెండు నెలలవి ఒకచోట పెట్టుకుంటే చాలు.

మూడో అడుగు: ఒకే ఒక్క పని ఎంచుకోండి

కొలతలు చేతికొచ్చాక ఉత్సాహం పొంగుతుంది. అన్నీ ఒకేసారి చేయాలనిపిస్తుంది. అక్కడే ఆగండి. ఆరంభ శూరత్వానికి పుట్టిల్లు ఆ వారమే. మొదటి పనిగా ఎంచుకునేదానికి మూడు లక్షణాలు ఉండాలి. ఎవరి అనుమతీ లేకుండా మీ చేతుల మీదుగా అయిపోవాలి, ఫలితం రెండు మూడు నెలల్లో కంటికి కనబడాలి, ఎక్కువ ఇళ్లకు సంబంధం ఉండాలి.

నా సలహా అడిగితే తడి చెత్తతో కంపోస్టు చేయడం. మొక్కలు నాటడం ఫొటోకు బాగుంటుంది కాని నీడ రావడానికి ఏళ్లు పడుతుంది. కంపోస్టు అలా కాదు. ప్రతి ఇంటినీ ప్రతిరోజూ తాకుతుంది, రెండు మూడు నెలల్లో నల్లటి, అడవి మట్టి వాసన వేసే ఎరువు చేతికిస్తుంది. ఆ ఎరువును మొదటిసారి పిడికిట్లోకి తీసుకున్నవాళ్ల ముఖాలు చూడాలి! నిన్నటిదాకా ముక్కు మూసుకున్నది అదేనంటే నమ్మలేరు.

కంపోస్టు: పక్కాగా చేసే విధానం

ముందు చోటు. నీడగా ఉండాలి, వాననీరు నిలవకూడదు, ఎవరి కిటికీకీ మరీ దగ్గర కాకూడదు, మట్టినేల అయితే ఇంకా మంచిది. ఆ చోటుకు ఆనుకుని ఉన్న ఇంటివాళ్ల అంగీకారం విడిగా తీసుకోండి. నలుగురిలో అడిగితే మొహమాటానికి సరే అంటారు, తర్వాత బాధపడతారు.

తర్వాత పరిమాణం. నలభై ఇళ్లనుకుందాం, ఇంటికి రోజుకు అరకిలో తడి చెత్త. మొత్తం 20 కిలోలు, సుమారు 40 లీటర్ల చోటు పడుతుంది. దానికి రెట్టింపు, అంటే 80 లీటర్ల ఎండుటాకులు కలపాలి. రోజుకు 120 లీటర్లు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న పెట్టె ఎనిమిది రోజుల్లో నిండుతుంది. కుప్ప మగ్గుతున్నకొద్దీ సగానికి కుంగుతుంది కాబట్టి పాత పెట్టెలు రెండింటిని ఒకటిగా కలుపుకోవచ్చు. ఆరు పెట్టెలుంటే చక్రం ఆగకుండా తిరుగుతుంది. ఇటుకల మధ్య సందులు వదిలి కట్టినా, చెక్కపలకలతో చేసినా సరే, పక్కలనుంచి గాలి ఆడాలి. మీటరు కంటే చిన్న కుప్ప వేడిని నిలుపుకోలేదు, అందుకే ఆ కొలత.

ఎండుటాకుల దగ్గరే చాలా వీధులు తప్పు చేస్తాయి. తడి చెత్తలో నత్రజని, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం కావాలి. ఆకులు లేకుండా తడి చెత్త ఒక్కటే పోస్తే అది కుళ్లుతుంది, పురుగులు పడతాయి, వారంలోపే ఫిర్యాదు వస్తుంది, ఆ ఫిర్యాదుతో పని ఆగిపోతుంది. ఆకు రాలే కాలంలో వీధి ఊడ్చిన ఆకులను తగలబెట్టకుండా గోనెసంచుల్లో నింపి దాచండి. ఆకుల నిల్వ సరిపడా లేకుండా పెట్టె తెరవకండి. ఆకులు చాలకపోతే రంపపు పొట్టు, చింపిన అట్టముక్కలు పనికొస్తాయి.

రోజూ చేసేది పది నిమిషాల పని: తడి చెత్త పొర, దాని మీద ఆకుల పొర, పైన చెత్త కనబడకుండా మళ్లీ ఆకులు. వారానికోసారి పారతో కిందిది పైకి, పైది కిందికి తిరగేయాలి. సరిగ్గా సాగుతున్న కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వేడి పుడుతుంది. ఇనుప చువ్వ లోపలికి గుచ్చి, కాసేపాగి తీస్తే చేతికి చురుక్కుమనాలి. తేమ చూడటానికి పిడికెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిగ్గా ఉన్నట్టు. ధారగా కారితే ఆకులు కలపండి, చేతికి తడే తగలకపోతే నీళ్లు చిలకరించండి.

ముక్కే మీ ప్రయోగశాల. ఘాటైన అమోనియా వాసన వస్తే నత్రజని ఎక్కువైనట్టు, ఆకులు వేయండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపల గాలి లేనట్టు, వెంటనే తిరగేయండి. మాంసం, నూనె జిడ్డు, పాల పదార్థాలు మొదటి ఏడాది వేయకండి. ఎలుకలు, కుక్కలు వాటికోసమే వస్తాయి.

ఇంతా చేసి ఇక్కడ అసలైన పరికరం గోడకు తగిలించిన ఒక కాగితం. వారంలోని ఏడు రోజులకు ఏడు గడులు, ప్రతి గడిలో రెండు పేర్లు. రెండో పేరు ఎందుకంటే మొదటి మనిషికి జ్వరం వచ్చిన రోజున పని ఆగకుండా ఉండటానికి. మూడో నెల వరకూ ఆ కాగితం మీద గడులు నిండుతూ ఉంటే మీ పని నిలబడినట్టే.

నియమాలు మీరే రాసుకోండి

ఉమ్మడి ఆస్తిని జనం తప్పకుండా పాడుచేస్తారనీ, ప్రభుత్వమో ప్రైవేటు యజమానో ఉంటే తప్ప అది మిగలదనీ చాలాకాలం పండితులు నమ్మారు. ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. నేపాల్, స్పెయిన్ సాగునీటి కాలువలు, స్విస్ కొండల మేతభూములు, జపాన్ గ్రామాల అడవులు, ఇలా ఎన్నో చోట్ల వాడుకునేవాళ్లే తరాల తరబడి ఉమ్మడి వనరులను కాపాడుకోవడాన్ని వివరంగా అధ్యయనం చేశారు. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమె. ఆమె గమనించినవాటిలో ఒక వీధికి నేరుగా పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి.

నియమాన్ని పాటించేవాళ్లే దాన్ని రాయాలి. పక్క కాలనీ నియమావళిని తెచ్చి అతికించకండి. నియమం ఎవరైనా కంటితో తనిఖీ చేయగలిగేలా ఉండాలి. స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ గ్రామంలో 1517 నాటి నియమం ఒకటుంది: చలికాలమంతా తన ఇంట్లో మేపగలిగినన్ని ఆవులనే వేసవిలో ఉమ్మడి కొండకు తోలాలి. తగాదాకు తావులేదు, ఆవుల్ని లెక్కపెడితే చాలు. 'చెత్తను బాధ్యతగా వేయాలి' అన్నది అలాంటి నియమం కాదు. 'తడి చెత్త ప్లాస్టిక్ సంచి లేకుండా, ఉదయం 8 గంటల్లోపు' అన్నది నియమం.

నిఘా పెట్టేది వీధివాళ్లే కావాలి, ఆ వంతు తిరుగుతూ ఉండాలి. తప్పుకు శిక్ష మెట్లుమెట్లుగా ఉండాలి. మొదటిసారి ఇంటికి వెళ్లి నెమ్మదిగా చెప్పడం, రెండోసారి కలిపేసిన చెత్తను తిరిగి గుమ్మం దగ్గరే ఉంచడం, ఆ తర్వాతే సమావేశంలో మాట. మొదటి తప్పుకే జరిమానా వేసిన వీధిలో జనం నియమాన్ని కాక ఒకరినొకరు ద్వేషించడం మొదలుపెడతారు. తగాదా తీర్చుకునే చోటు దగ్గరగా, ఖర్చు లేకుండా ఉండాలన్నది ఇంకో పాఠం. స్పెయిన్‌లోని వలెన్సియా నగరంలో సాగునీటి తగాదాలు వినే రైతుల న్యాయసభ ఈనాటికీ గురువారాల్లో అక్కడి కెథడ్రల్ తలుపు దగ్గర కూర్చుంటుంది. వాదనలన్నీ నోటిమాటగానే సాగుతాయి. మీ వీధికీ నెలలో ఒక రోజు, ఒక అరుగు కేటాయించండి. ఆ రోజు వచ్చేదాకా ఫోను గ్రూపులో వాదనలు పెట్టుకోకూడదన్నది కూడా నియమంగా రాసుకోండి. రాత్రి పదకొండింటికి పంపిన కోపపు సందేశం ఎన్నో మంచి పనులను చంపేసింది.

డబ్బు సంగతి క్లుప్తంగా: జమాఖర్చులు ప్రతి నెలా గోడకు అతికించండి, డబ్బు తీయడానికి ఇద్దరి సంతకాలు ఉండాలి, ప్రతి ఖర్చుకూ రసీదు. నమ్మకమున్నవాళ్ల మధ్య కూడా ఇది తప్పనిసరి.

నీరు

కంపోస్టు నిలదొక్కుకున్నాక, అంటే కనీసం మూడు నెలలు గడిచాక, నీటిని ముట్టుకోండి. ముందుగా కారుతున్నవి ఆపండి. ప్లంబర్‌ను ఒక రోజంతా మాట్లాడుకుని అన్ని ఇళ్ల వాషర్లూ ఒకేసారి మార్పిస్తే విడివిడిగా చేయించుకునే దానికంటే చౌకగా అవుతుంది. ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయే ఫ్లోట్ స్విచ్ పెట్టించండి.

తర్వాత వాననీరు. లెక్క చాలా తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు. ఆవిరి, చిందడం తీసేసినా 800 లీటర్లు చేతికొస్తాయి. మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల వాన కప్పు మీది దుమ్ము, పక్షుల రెట్టలను కడుగుతుంది. ఆ నీటిని బయటికి వదిలేసే మళ్లింపు గొట్టం తప్పకుండా ఉండాలి.

దాచుకోవడానికి ట్యాంకు లేకపోతే ఇంకుడు గుంత తవ్వండి. తవ్వే ముందు నేల నీటిని తాగుతుందో లేదో చూడండి. ఒక అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపి, అది ఇంకాక మళ్లీ నింపి, గంటలో ఎంత దిగిందో కొలవండి. గంటకు ఒకటి రెండు సెంటీమీటర్లు కూడా దిగకపోతే అక్కడ గుంత తవ్వడం వృథా, వేరే చోటు చూడండి. పునాదులకు కనీసం మూడు మీటర్ల దూరంలో, సెప్టిక్ ట్యాంకుకు వీలైనంత దూరంగా తవ్వాలి. గుంత నోట్లో ఇసుక, కంకర పొరలు వేస్తే బురద దిగదు. ఆ ఇసుకను ఏటా వానలకు ముందు తీసి కడగాలి. ఇంకుడు గుంతలు పనిచేయవని చెప్పేవాళ్లను అడిగి చూడండి, ఆ ఇసుక ఎప్పుడు కడిగారని. ఇక్కడ కూడా గోడమీది కాగితంలో ఒక పేరు, ఒక తేదీ ఉండాలి.

నీళ్లు బయట ఎక్కడ నిలిచినా రెండు రోజుల్లో ఇంకిపోవాలి. దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వెచ్చటి వాతావరణంలో సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒక రోజు అన్ని పాత్రలూ, కుండీల పళ్లేలూ బోర్లించే రోజుగా పెట్టుకోండి. పిల్లలకు అప్పగిస్తే ఈ పని పెద్దలకంటే శ్రద్ధగా చేస్తారు.

చెట్లు: బతికినవే లెక్క

వంగారి మాథాయ్ 1977లో కెన్యాలో మొక్కలు నాటే ఉద్యమం మొదలుపెట్టారు. అదే ఏడాది జూన్ 5న నైరోబీలోని ఒక పార్కులో నాటిన ఏడు మొక్కలు దానికి నాంది. తర్వాత పల్లె మహిళలు వేల సంఖ్యలో చేరినప్పుడు, బతికిన మొక్కకు మాత్రమే చిన్న పారితోషికం ఇచ్చే పద్ధతి పెట్టారు. నాటిన మొక్కలను కాక బతికినవాటిని లెక్కపెట్టాలన్న ఆ ఆలోచనను యథాతథంగా తీసుకోండి. వంద నాటే ఉద్దేశం ఉంటే పది నాటండి. ప్రతిదానికీ ఒక ఇల్లు దత్తత తీసుకోవాలి. రెండు మూడేళ్లు నీళ్లు పోసే ఇల్లు దొరక్కపోతే ఆ గుంట తవ్వకండి.

నాటేటప్పుడు కాండం వేరుగా మారే చోటు నేలమట్టానికి ఉండాలి, అంతకంటే లోతుకు పూడిస్తే మెల్లగా కుళ్లుతుంది. చుట్టూ కనీసం చదరపు మీటరు నేల సిమెంటు లేకుండా వదలండి. మీ కంపోస్టు ఇప్పుడు అక్కరకొస్తుంది, దాని మీద ఒక బెత్తెడు మందాన ఎండుటాకులు పరిచి కాండానికి మాత్రం తగలకుండా చూడండి. రోజూ కాసిని నీళ్లు చిలకరించే కన్నా వారానికి రెండుసార్లు నిండుగా పోస్తే వేళ్లు లోతుకు దిగుతాయి.

ఒకే జాతి చెట్లతో వీధంతా నింపకండి. ఐరోపా, ఉత్తర అమెరికా నగరాల్లో వరసగా నాటిన ఎల్మ్ చెట్లు ఇరవయ్యో శతాబ్దంలో ఒకే శిలీంధ్ర వ్యాధికి కుప్పకూలిపోయాయి. ఫ్రాంక్ సాంటమూర్ అనే శాస్త్రవేత్త 1990లో ఒక కొలమానం చెప్పారు: ఒకే జాతి 10 శాతానికి, ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) 20 శాతానికి, ఒకే కుటుంబం (ప్రజాతుల గుంపు) 30 శాతానికి మించకూడదు. నేల, వాన, కీటకాలతో అలవాటున్న మీ ప్రాంతపు చెట్లను ముందుగా ఎంచుకోండి. కరెంటు తీగల కింద ఎత్తు పెరగని జాతులే నాటండి, లేకపోతే ఏటా గొడ్డలి తప్పదు.

వీధి ఎవరిది?

ఈ భాగంలో అనుమతులు కావాలి, విభేదాలూ ఎక్కువ. అందుకే చివరన పెట్టాను. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో 1960ల చివర్లో వాహనాల వేగంతో విసిగిపోయిన వీధివాసులు కుండీలు, బల్లలు, మలుపులతో వీధిని మార్చి మనుషులకు దక్కించుకున్నారు. 1976లో ఆ దేశం అలాంటి వీధులకు చట్టబద్ధత ఇచ్చింది. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 డిసెంబరు నుంచి ఆదివారాలు ప్రధాన రహదారులు కొన్ని గంటలపాటు నడిచేవాళ్లకు, సైకిళ్లకు వదులుతున్నారు.

వేగం గురించి వాదన వస్తే ఒక లెక్క చెప్పండి. వాహనపు తాకిడి శక్తి వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 50 కిలోమీటర్ల వేగంలో ఆ శక్తి దాదాపు 2.8 రెట్లు. పిల్లలు ఆడుకునే వీధిలో ఆ తేడా ప్రాణాల తేడా.

శాశ్వతమైన మార్పు అడగకండి, ముందు ఒక ఆదివారం మూడు గంటలు అడగండి. సుద్దతో గీతలు, కదిలించగలిగే కుండీలు చాలు. అంబులెన్సు, అగ్నిమాపక వాహనం వెళ్లే దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి. ముందు, తర్వాత గంటకు ఎంతమంది పిల్లలు, వృద్ధులు బయట ఉన్నారో లెక్కపెట్టి రాసుకోండి. మున్సిపల్ కార్యాలయానికి వెళ్లేటప్పుడు ఆ లెక్కలు, ఫొటోలు, ఇళ్లవాళ్ల సంతకాలు పట్టుకెళ్లండి. అర్జీ రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఉత్త ఫిర్యాదుతో వచ్చేవాళ్లను చూసి అలసిపోయిన అధికారి, అప్పటికే చేసి చూపిన పనితో వచ్చినవాళ్లను వేరుగా చూస్తారు.

మిగతావి త్వరగా

మెట్లమీద, నడవాల్లో 40 వాట్ల ట్యూబులైట్లు ఇరవై ఉండి, రాత్రంతా 12 గంటలు వెలుగుతుంటే, వాటి బదులు 20 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే రోజుకు 4.8 యూనిట్లు, ఏడాదికి సుమారు 1,750 యూనిట్లు మిగులుతాయి. సౌర ఫలకాల గురించి ఆ తర్వాతే ఆలోచించండి.

డ్రిల్లు, నిచ్చెన, పెద్ద పార లాంటివి వీధికి ఒక్కొక్కటి చాలు. ఒక బీరువా, ఒక పుస్తకం, తాళంచెవి ఉంచుకునే ఒక మనిషి. పాడైన వస్తువులను బాగుచేసుకునే రోజు కూడా పెట్టవచ్చు. మార్టీన్ పోస్ట్మా అనే డచ్ పాత్రికేయురాలు 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అలాంటిది మొదలుపెట్టాక ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. ఫ్యాన్లు బాగుచేయడం వచ్చిన పెద్దాయన, కుట్టుపని తెలిసిన ఆవిడ ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్లను ఎవరూ అడగరు, అంతే. అడగండి.

ఏడాది నిండేసరికి చేయాల్సిన పని

మొదలుపెట్టినవాళ్లు అలసిపోతారు, ఇళ్లు మారతారు. ముందే అనుకుని ఉండండి. ప్రతి పనికీ ఇప్పుడు చేస్తున్నవారి పక్కన నేర్చుకునే ఒకరి పేరు రాయండి. పది నెలలయ్యాక ఆ పేర్లు తారుమారు చేయండి: నేర్చుకున్నవారు చేస్తారు, చేసినవారు పక్కన నిలబడతారు. కొత్తగా అద్దెకు వచ్చిన ఇంటికి మొదటి వారంలోనే ఒకరు వెళ్లి, చెత్త వేళలు, పాత్రలు బోర్లించే రోజు, అరుగు సమావేశం తేదీ రాసిన చీటీతో పాటు ఒక చిన్న సంచిలో వీధి కంపోస్టు ఇచ్చి రావాలి. ఆ వెళ్లాల్సిన మనిషి పేరు కూడా గోడమీది కాగితంలో, ఎనిమిదో గడిలో రాసి ఉంచండి.